అన్నకు మూలుగ ఇయ్యాల్నా వద్దా? అత్తగారింట్ల ఒప్పుకుంటలేరు

హనుమకొండ నుంచి ఒక చెల్లె రాసింది. ఉత్తరం పెద్దగనే ఉంది, మనుషుల పేర్లు, ఊరి పేరు తీసేసి కుదించి పెడుతున్న.

ఆమెకి 29 ఏండ్లు, బీఎస్సీ బీజెడ్‌సీ చేసి ప్రైవేట్ స్కూల్ల చెప్తున్నది. పది నెలల బాబు, ఇంకా తల్లిపాలు తాగుతున్నడు. తల్లిగారిల్లు పరకాల దిక్కు. అన్నకి 34, పత్తి, మిర్చి పండిస్తడు. ఎండాకాలంల మొదలైందంట, చిగుళ్ల నుంచి రక్తం కారుడు, కాళ్ల మీద ఎర్ర చుక్కలు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఊర్లె ఆర్ఎంపీ రక్తం తక్కువుందని టానిక్ రాసిచ్చిండు. ఆఖరికి హైదరాబాద్‌ల ఒక ఆస్పత్రిల మూలుగ (ఎముక మజ్జ) టెస్ట్ చేసి సివియర్ అప్లాస్టిక్ అనీమియా, అంటే మూలుగల రక్తం తయారీ ఆగిపోయే జబ్బు, అన్నరు. మూలుగ ఇయ్యనీకి చూస్తే అక్కకి మ్యాచ్ కాలే, ఈమెకి ఫుల్ మ్యాచ్ అయింది. వచ్చే నెల అడ్మిషన్.

కథ ఇంతే అయితే ఉత్తరమే రాకపోవు. నాయిన పోయినంక మూడెకరాలు అన్న పేరు మీదనే పాస్‌బుక్ అయింది, ఈమె తన వాటా అడిగితే "కట్నం ఇచ్చి పంపినం గదా, ఇంకేంది" అని నలుగురి ముందట అన్నడు. రెండేండ్ల నుంచి బతుకమ్మకి పిలుపు లేదు, రాఖీ కట్టనీకి పోతే ఇంట్ల లేడని చెప్పిచ్చిండు. ఇప్పుడు వదినె రోజూ ఫోన్ చేసి ఏడుస్తున్నది. అత్తమ్మేమో "మూలుగ తీస్తే నడుం పడిపోతది, పాలు ఇంకిపోతయి, రెండో కాన్పు కాదు, అంతగనం కావాల్నంటే ముందుగాల భూమి రాసియ్యమను" అంటున్నది. భర్త "నీ ఇష్టం" అని టీవీ చూసుకుంట కూసుంటున్నడు. ఇంకొకటి, పోయిన నెల అన్నకి ప్లేట్‌లెట్లు నేనే ఇస్త అని పోతే బ్లడ్ బ్యాంకోళ్లు ఈమెది వద్దని పంపిచ్చిన్రంట. ఈమెది బీ పాజిటివ్, అన్నది ఓ పాజిటివ్. "సూసినవా, గ్రూపే కలవది, నీ రక్తమే వద్దన్నరు, మూలుగ ఎట్ల కలుస్తది" అని అత్తమ్మ. ఆఖర్ల ఈమె అడిగింది ఏందంటే, ఇస్తే నాకేమైతది, ఇయ్యకుంటే వానికేమైతది, నా కణాలు వాని ఒంట్ల ఎట్ల బతుకుతయి, భూమి సంగతి ఇప్పుడే తేల్చుకోవాల్నా, ఒక్కోసారి అసలు ఇయ్యబుద్ధే అయితలేదు, నేను చెడ్డదాన్నా అని.

బిడ్డా, ఆఖరి ప్రశ్న నుంచే వస్త. ఇయ్యబుద్ధి కాకపోవుడు చెడ్డతనం కాదు. రెండేండ్లు గుమ్మం తొక్కనియ్యని మనిషి కోసం సూదులు పొడిపిచ్చుకోవాల్నంటే ఎవరికైనా మనసు ఎన్కకే పోతది. ఒంట్లకెల్లి ఇచ్చేది ఏదైనా ఇచ్చేటోళ్ల ఇష్టం మీదనే, తోడబుట్టినోడైనా సరే. అయితే ఈ ఇష్టానికి ఒక గడువు ఉంది, అది నీకు ఎవరూ సరిగ్గ చెప్పినట్టు లేరు, నేను ఇంత పొడుగు రాసేది దాని కోసమే. నేను డాక్టర్ని కాదు, కాలేజీల జువాలజీ చెప్పి రిటైరైనదాన్ని, నువ్వు బీజెడ్‌సీ చదివినవు కాబట్టి కొంచెం లోపలికే పోతా.

ముందుగాల బ్లడ్ బ్యాంక్ సంగతి తీసేద్దాం, ఎందుకంటే మీ ఇంట్ల సగం లొల్లి దాని మీదనే అయితున్నట్టుంది. వాళ్లు నీది వద్దన్నది నీ రక్తం మంచిగ లేదని కాదు, నువ్వు డోనర్‌వి అయ్యేటట్టున్నవని అయ్యుంటది. అప్లాస్టిక్ అనీమియాల మూలుగ మార్పిడికి ముందు తోడబుట్టినోళ్ల రక్తం, ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే పేషెంట్ ఒంట్లె రక్షణ వ్యవస్థ ఆ కుటుంబం కణాల గుర్తులు పట్టుకుని పగ పెంచుకుంటది, రేపు నీ స్టెమ్ సెల్స్, అంటే రక్తం పుట్టించే మూల కణాలు, వచ్చినప్పుడు వాటిని తరిమేస్తది. అందుకే బయటోళ్లవే తీసుకుంటరు. మీ అమ్మకి, అక్కకి కూడా ఈ మాట చెప్పు, ప్రేమకొద్దీ పోయి ఇస్తమంటరు.

ఇగ గ్రూప్. ఏ, బీ, ఓ అనేది ఎర్రకణాల మీది గుర్తు. మూలుగకి చూసేది హెచ్ఎల్ఏ, అంటే మనవా బయటివా అని రక్షణ వ్యవస్థ పోల్చుకునే గుర్తులు, ఆ జీన్స్ ఆరో క్రోమోజోమ్ మీద ఒక్క దగ్గర గుంపుగ ఉంటయి, అమ్మ నుంచి ఒక గుంపు, నాయిన నుంచి ఒక గుంపు వస్తది, కాబట్టి తోడబుట్టిన ఒక్కొక్కరితో ఫుల్ మ్యాచ్ అయ్యే చాన్స్ నాలుగింట ఒకటి. అక్కకి తప్పింది, నీకు తగిలింది. గ్రూప్ వేరైతే నువ్విచ్చిన దాంట్ల ఎర్రకణాలు కొంచెం తీసేసి ఎక్కిస్తరు, అంతే. ఇంకా వింత చెప్పాల్నా, ఎర్రకణం బతికేది 120 రోజులే, కాబట్టి కొన్ని నెలలు పోయేసరికి మీ అన్న ఓ పాజిటివ్ కాస్త నీ బీ పాజిటివ్ అయితడు. మీ అత్తమ్మకి ఇది ఇప్పుడే చెప్పకు, ఇంకో గొడవ.

నీ కణాలు వాని ఒంట్ల ఎట్ల బతుకుతయి అని అడిగినవు, ఉత్తరంలో నాకు నచ్చిన ప్రశ్న ఇదే. మనిషి మూలుగల రోజుకి సుమారు 20 వేల కోట్ల ఎర్రకణాలు తయారైతయి, ప్లేట్‌లెట్లు పది రోజులు కూడా బతకవు, ఇవన్నీ పుట్టేది చాలా కొద్ది స్టెమ్ సెల్స్ నుంచే. అలాంటి కణం ఒకటి ఉన్నదని 1961లో టొరంటోల టిల్, మెక్‌కలక్ ఎలుకల మీద చూపిచ్చిన్రు. రేడియేషన్‌తోని మూలుగ చచ్చిపోయిన ఎలుకలకి వేరే ఎలుక మూలుగ ఎక్కిస్తే పది రోజులకి ప్లీహం మీద చిన్న చిన్న బుడిపెలు లేచినయి, ఒక్కో బుడిపె ఒక్క కణం సంతానం. ఆ బుడిపెల కణాలు తీసి ఇంకో ఎలుకకి ఎక్కిస్తే మాత్రం మూలుగ కణాలంత సత్తా చూపలే. ఎందుకని 1978లో మాంచెస్టర్‌ల రే స్కోఫీల్డ్ ఒక మాట అన్నడు, స్టెమ్ సెల్ గొప్పతనం దాంట్లనే లేదు, అది కూసునే గూడుల ఉంది, గూడు విడిస్తే అది మామూలు కణం లెక్క పెరిగి ముదిరి అయిపోతది అని. అప్పుడు అది ఊహే, ఆ తర్వాత ఎన్నో ల్యాబ్‌లు కలిసి ఆ గూడు ఎక్కడుందో వెతికి పట్టినయి. బొక్క లోపల పలుచటి గోడల రక్తనాళాలు ఉంటయి, వాటిని ఆనుకుని కొమ్మలు కొమ్మలుగ సాచుకున్న కణాలు ఉంటయి, అవి సీఎక్స్‌సీఎల్12 అనే ప్రోటీన్ వదుల్తయి, స్టెమ్ సెల్ మీద దాన్ని పట్టుకునే రిసెప్టర్ సీఎక్స్‌సీఆర్4 ఉంటది, ఆ పట్టు వల్లనే అది అక్కడ కదలకుంట, ఎక్కువ కాలం విభజన లేకుంట పడుకుని ఉంటది. పడుకోవుడే దాని ఆరోగ్యం, ఊకె విభజన అయితే తొందరగ అరిగిపోతది.

మీ అన్నకి అయింది ఏందంటే, సొంత టీ కణాలే, అంటే రోగాల మీద కొట్లాడే ఒక రకం తెల్లకణాలే, ఎందుకో ఎదురు తిరిగి ఆ స్టెమ్ సెల్స్‌ని చంపినయి. పురుగు మందు కొట్టినందుకేనా అని వదినె అడుగుతున్నదన్నవు. ఎక్కువ మందికి కారణం తేలదు, ఆమెని ఆ ఆలోచనలకెల్లి బయటికి రమ్మను. స్టెమ్ సెల్స్ లేని మూలుగల కొవ్వు నిండిపోతది. మనం నల్లి బొక్క జుర్రుకుంటం గదా, ఆ పసుపు రంగుది కొవ్వు మూలుగ. పెద్దోళ్లల్ల కాళ్ల పొడుగు బొక్కల్ల అదే ఉంటది, రక్తం తయారయ్యే ఎర్ర మూలుగ తుంటి, రొమ్ము, పక్కటెముకలు, వెన్నుపూసల్ల ఉంటది. మీ అన్న తుంటిల నుంచి తీసిన ముక్క చూస్తే అందులో కూడా ఎక్కువ కొవ్వే కనిపిస్తది. నువ్వు ఇచ్చేది మామూలు రక్తం ఎక్కిచ్చినట్టే నరం నుంచి లోపలికి పోతది, ఎవరూ బొక్కల్లకి పొయ్యరు, ఆ సీఎక్స్‌సీఎల్12 వాసన పట్టుకున్నట్టు కణాలే దారి వెతుక్కుని మూలుగల దిగుతయి. రెండు మూడు వారాలకి తెల్లకణాలు లేస్తయి. గూడు మాత్రం మీ అన్నదే ఉంటది, ఆ చుట్టుపక్కల కణాలు మారవు, అందులో కూసునేవి నీవి. నాకైతే పాఠం చెప్పిన ప్రతిసారి ఇది అబ్బురంగనే ఉండేది.

ఇప్పుడు నీ ఒంటి సంగతి. తీసే తొవ్వలు రెండు, వాళ్లు ఏది అనుకుంటున్నరో నువ్వు ఉత్తరంల రాయలే, అంటే నీకు చెప్పలేనట్టుంది, ముందు అది అడుగు.

ఒకటి, మత్తు ఇచ్చి, బోర్లా పండుకోబెట్టి, నడుం కింద ఎన్క దిక్కు తుంటి బొక్కల నుంచి సూదులతో తీసుడు. వెన్నుపూస జోలికి పోరు, నడుం పడిపోయే మాటే లేదు. దగ్గర దగ్గర లీటరు దాకా తీస్తరు, చూస్తే రక్తం లెక్కనే ఉంటది, నీ మొత్తం మూలుగల 5 శాతం కన్నా తక్కువే, నాలుగు నుంచి ఆరు వారాల్ల మళ్లీ నిండుతది, ఎందుకంటే నీ గూళ్లు నీ దగ్గరనే ఉన్నయి, మిగిలిన కణాలు మెల్కొని పెరుగుతయి. వారం పది రోజులు తుంటి నొప్పి, కింద కూసుని లేస్తే కలుక్కుమంటది, హిమోగ్లోబిన్ కొంచెం పడుతది, ఐరన్ గోలీలు ఇస్తరు. బాబుని చంకన ఎత్తుకునుడు కొన్ని రోజులు కష్టమే.

రెండోది, నాలుగైదు రోజులు తెల్లకణాలని పెంచే జీ-సీఎస్ఎఫ్ ఇంజెక్షన్లు చేసి చేతి నరం నుంచి మిషన్‌తో తీసుడు. నేను చెప్పిన ఆ పట్టు ఉంది గదా, ఆ ఇంజెక్షన్ దాన్ని వదులు చేస్తది, తెల్లకణాలు ఎక్కువై వాటి ఎంజైములు ఆ ప్రోటీన్‌ని తెంపుతయి, స్టెమ్ సెల్స్ రక్తంలకి వస్తయి. నాలుగైదు గంటలు మిషన్ దగ్గర ఉండాలె, ఒక చేతిల నుంచి రక్తం పోతది, కావాల్సినవి తీసుకుని మిగిలింది ఇంకో చేతిలకి వస్తది. గడ్డకట్టకుంట కలిపే మందు వల్ల పెదవులు, వేళ్ల కొసలు తిమ్మిరెక్కుతయి, నర్సుకి చెప్తే కాల్షియం ఇస్తరు, భయపడకు. ఇంజెక్షన్ల రోజుల్ల బొక్కల నొప్పులు, జ్వరం లెక్క ఒళ్లు నొప్పులు వస్తయి, పారాసెటమాల్‌తోని తగ్గుతయి. ఎప్పుడో ఒకరికి ప్లీహం ఉబ్బి ఇబ్బంది అయితది, అందుకే ఆ రోజుల్ల బరువులు ఎత్తొద్దంటరు.

ముప్పు సున్నా అని నేను చెప్పను, ఎవరన్నా చెప్తే నమ్మకు. అమెరికాల రిజిస్ట్రీ, అంటే బయటోళ్లకి ఇస్తమని పేరు రాయించుకున్నోళ్ల పట్టిక, దాంట్ల డోనర్ల లెక్క చూస్తే తీవ్రమైన ఇబ్బంది అయ్యింది మూలుగ ఇచ్చినోళ్లల్ల వందకి ఇద్దరు ముగ్గురికి, రక్తం తొవ్వల ఒకరికన్నా తక్కువ. రెండో కాన్పుకి మాత్రం ఏ అడ్డం లేదు. అప్లాస్టిక్ అనీమియాల మొదటి తొవ్వనే మంచిదంటరు, రక్తం నుంచి తీస్తే నీ టీ కణాలు ఎక్కువ పోయి మీ అన్న చర్మం, కండ్లు, లివర్ మీద ఆ కణాలే దాడి చేసే జీవీహెచ్‌డీ దీర్ఘకాలం ఉండే చాన్స్ పెరుగుతది. కాని అన్నకి ఇప్పటికే ఇన్ఫెక్షన్లు ఉంటే తెల్లకణాలు తొందరగ లేస్తయని డాక్టర్లు రక్తం తొవ్వ పట్టుకోవచ్చు. కాన్పు అయిన ఆడవాళ్లు మగవాళ్లకి ఇస్తే జీవీహెచ్‌డీ ఇంకొంచెం ఎక్కువని కూడా అంటరు, అది నీ తప్పేం కాదు, మ్యాచ్ ఒక్కదానివే అయినప్పుడు దాన్ని లెక్కల పెట్టుకునే ముందుకు పోతరు.

పాల సంగతి. పాలు తాగే బాబు ఉన్నడని డాక్టర్‌కి నువ్వు నోరు తెరిచి చెప్పాలె, ఫైల్‌ల ఉంటదిలే అనుకోకు. మత్తు తొవ్వ అయితే లేచినంక ఎప్పటి నుంచి ఇయ్యొచ్చో అడుగు, ఇంజెక్షన్ల తొవ్వ అయితే ఆ రోజులు, ఇంకొన్ని రోజులు పాలు పిండి పారబోయమనొచ్చు. పిండకుంట ఊకుంటే పాలు నిజంగనే తగ్గుతయి, మీ అత్తమ్మ చెప్పిన దాంట్ల ఆ మాత్రం నిజం ఉంది. పది నెలల పిల్లగాడు ఉగ్గు, పప్పన్నం తింటడు కాబట్టి గడుస్తది, కాని డబ్బా పాలు, గిన్నె అలవాటు ఇప్పటి నుంచే చెయ్యి, అడ్మిషన్ నాడు కాదు. గర్భం లేదని కూడా పరీక్ష చేస్తరు.

ఇగ గడువు మాట. మార్పిడికి ముందు మీ అన్నకి కండిషనింగ్ అని కొన్ని రోజులు గట్టి మందులు ఎక్కిస్తరు. ఆయన స్టెమ్ సెల్స్‌ని చంపిన టీ కణాలు ఇంకా ఒంట్లనే ఉన్నయి, వాటిని అణచకుంట నీవి లోపలికి పంపితే వాటిని కూడా చంపుతయి, అందుకని ఆయనకి ఉన్న కొద్దిపాటి రక్షణని కూడా తుడిచేస్తరు. ఆ మందు మొదలైనంక నువ్వు "వద్దు" అంటే ఆయన రక్షణ లేకుంట, రక్తం తయారీ లేకుంట మధ్యల ఉండిపోతడు, ప్రాణం మీదికొస్తది. మందు మొదలుకాక ముందు ఎప్పుడు కాదన్నా నీ హక్కు, మొదలైనంక కాదనుడు వేరే లెక్క. కాబట్టి సగం మనసుతోని సంతకం పెట్టి, లోపల ఊగుకుంట, ఆఖరి రోజు దాకా పోకు. ఆ ఒక్కటి మాత్రం చెయ్యకు.

కాదనుకుంటే ఆయనకి తొవ్వలు పూర్తిగ మూసుకుపోవు, అది కూడా తెలుసుకుని ఆలోచించు. ఏటీజీ, సైక్లోస్పోరిన్ అని మందులతోని టీ కణాలని అణిచే వైద్యం ఉంది, దానికి తోడు ఎల్ట్రోంబోపాగ్ గోలీలు. ఏటీజీ గుర్రం నుంచి తీసింది, కుందేలు నుంచి తీసింది అని రెండు రకాలు, 2011లో అమెరికాల చేసిన ట్రయల్‌ల ఆరు నెలలకి గుర్రపుదానికి 68 శాతం మంది, కుందేలుదానికి 37 శాతం మంది తేరుకున్నరు. తేరుకోనీకి మూడు నుంచి ఆరు నెలలు పడుతది, అన్ని రోజులు ప్లేట్‌లెట్లు, ఇన్ఫెక్షన్ల భయం, తేరుకున్నోళ్లల్ల కొందరికి మళ్లీ తిరగబెడుతది. 40 లోపు మనిషికి తోబుట్టువు ఫుల్ మ్యాచ్ ఉంటే డాక్టర్లు ముందుగాల మార్పిడే అనేది అందుకే. రిజిస్ట్రీల వెతుకుడు, సగం మ్యాచ్‌తోని మార్పిడి కూడా ఉన్నయి, ఖర్చూ ముప్పూ రెండూ పెరుగుతయి. అంటే నువ్వు కాదంటే అన్న చచ్చిపోతడని కాదు, మంచి చాన్స్ పోయి కొంచెం తక్కువ చాన్స్ మిగుల్తది. దాంతోని నువ్వు బతకగల్గుతవా లేదా నీకే తెల్సు.

కాదనాలనుంటే ఎట్ల అనాలె అంటే, డోనర్‌ని చూసే డాక్టర్ పేషెంట్ డాక్టర్ కాకుంట వేరే ఉండాలని అడుగు, ఆ గదిల ఒక్కదానివే కూసో, వదినె లేకుంట, మీ ఆయన లేకుంట. నాకు ఇష్టం లేదు, కారణం ఇంట్ల చెప్పొద్దు అని అడుగు, "డోనర్‌గ సరిపోదు" అని ఒక్క ముక్కతో చెప్పమను. మొహమాటానికి ఒప్పుకునుడు కన్నా అది వెయ్యి రెట్లు మేలు.

భూమి దగ్గర నేను మీ అత్తమ్మతో ఒప్పుకోను, అట్లని భూమి మర్చిపో అని కూడా చెప్పను. నాయిన వీలునామా రాయకుంట పోతే నీకు వాటా ఉంది, 2005 చట్ట సవరణ బిడ్డలకి కొడుకులతో సమానం అన్నది, 2020లో సుప్రీంకోర్టు ఆ సంగతి ఇంకా గట్టిగ చెప్పింది, కట్నం ఇచ్చినం అంటే ఆ హక్కు పోదు. మూలుగ ఇచ్చినా పోదు, ఇయ్యకున్నా పోదు. దీన్ని దాన్ని ముడిపెడితే నీకే నష్టం. చావుబతుకుల మీదున్నోనితో రాయించుకున్న కాగితం రేపు ఒత్తిడి పెట్టి రాయించుకున్నరని కొట్లాటకే వస్తది, ఇటు ఆస్పత్రోళ్లకి బేరం వాసన తగిలితే డోనర్‌గ నిన్నే పక్కన పెడ్తరు. ఒక్క దగ్గర మాత్రం ఇప్పుడే కండ్లు తెరిచి ఉండు. వైద్యం ఖర్చుకి ఆ మూడెకరాలే అమ్ముడో, కుదవ పెట్టుడో చేస్తరు, ఆ మాట ఉత్తరంల లేదు గాని అటే పోయేటట్టుంది. అమ్మతోని, ఒక పెద్దమనిషితోని కూసుని ఎంత అమ్ముతున్నరు, నా వాటా సంగతి ఏంది అని అడుగుడు తప్పు కాదు. దానికంటే ముందు ఆస్పత్రిల ఆరోగ్యమిత్రని కలిసి ఆరోగ్యశ్రీ కింద ఎంత వస్తదో, సీఎం రిలీఫ్ ఫండ్‌కి ఏం కాగితాలు పెట్టాలో వదినెని కనుక్కోమను, భూమి మీదికి పోకుంటనే కొంత గట్టెక్కొచ్చు.

మీ ఆయన "నీ ఇష్టం" అన్నది సగం మాట. ఇష్టం నీదే, కాని నువ్వు ఆస్పత్రిల ఉన్నన్ని రోజులు బాబుని ఎవరు చూస్తరు, స్కూల్‌ల లీవ్ పోతే జీతం ఎట్ల, అత్తమ్మకి ఎవరు చెప్తరు, ఇవి నీ ఒక్కదాని ఇష్టంతోని తేలేవి కావు. టీవీ బంద్ చేసి ఈ మూడు అడుగు. వీలైతే అత్తమ్మని కూడా డాక్టర్ దగ్గరికి తోలుకపో, నడుం సంగతి నువ్వు చెప్తే వినదు, తెల్లకోటు చెప్తే వింటది, మా ఇంట్ల కూడా అంతే.

ఈ వారంల ఫోన్ చేసి కండిషనింగ్ ఏ తారీఖున మొదలుపెడ్తున్నరో కనుక్కో, క్యాలెండర్ మీద దానికి పది రోజులు ముందట గీత కొట్టు, ఆ లోపల అవునో కాదో తేల్చి డాక్టర్‌కే చెప్పు, వదినెకి కాదు. అవును అయితే ఉప్పల్ దాకా బస్సుల పోయినా తిరిగొచ్చేటప్పుడు కారు మాట్లాడుకోండి, తుంటి నొప్పితోని రెండున్నర గంటలు ఆ సీట్ల కూసోలేవు.